గొర్ల పేజీ

పత్తిగింజను నాలుకమీద పెట్టుకొని
కండ్లు మూసుకునేటోడు ఓదెలు సారు.
నేను ల్యాబుల గ్లాసులు కడిగేటోణ్ణి, నవ్వొచ్చేది.

ములుగు రోడ్డు పరిశోధన కేంద్రంల
ఇరవై రెండేండ్లు ఆయన చెప్పిన అంకెలన్నీ
నా చేతిరాతలనే ఉన్నయి.
కాయల బరువు, ఆకుకు ఎన్ని పురుగులు,
చేను దున్నినంక మట్టిల ఏం మిగిలింది.

కొత్త విత్తనం వచ్చిన ఏడు
ఊర్లల్ల స్ప్రే పంపులు చిలక్కొయ్యలకెక్కినయి.
"ఆగుండ్రి, పురుగు గూడ చదువుకుంటది" అన్నడు సారు.
పేపరోళ్ళు ఎక్కిరించి బొమ్మేసిండ్రు:
అద్దాలు పెట్టుకున్న పురుగు, చేతిల పలక.
ఆ బొమ్మ కత్తిరించి
విత్తనాల ఫ్రిజ్జు తలుపుకు అంటిచ్చుకున్నడు.

ఎనుమాముల మార్కెట్ల ఒకనాడు
దామెర రైతు బొల్లం ఉప్పలయ్య అంగీ పట్టుకున్నడు:
"మందు కొట్టి కొట్టి మా తమ్ముడు చేన్లనే పడ్డడు.
ఈ గింజ పెట్టినంక నేను డబ్బా ముట్టలే.
నెలనెల జీతమొచ్చేటోనివి,
ఏం పెట్టుమంటవో చెప్పు. గిప్పుడే చెప్పు."
సారు దగ్గర జవాబు లేకుండె.
వచ్చే దారంత జీపుల మాట్లాడలే.
ఆ ప్రశ్నను నోటుబుక్కు మొదటి పేజీల రాయించిండు,
తారీకుతోని సహా.

అన్నీ ఒప్పే అన్నడని నేను చెప్ప.
గీసుగొండల గొర్లు సచ్చినప్పుడు
రిపోర్టు రాకముందే మైకుల ఆకు పేరు చెప్పిండు.
రిపోర్టుల ఇంకేదో ఉండె.
"దిద్దుదాం సార్" అన్న.
"ఒక్కటి దిద్దితే మిగిలినయన్నీ కొట్టేస్తరు."
ఆ రాత్రి నిద్రపోలేదని అమ్మ చెప్పింది.
దిద్దలేదు గూడ.
దాన్నే పట్టుకొని బదిలీ చేసిండ్రు, గోనెసంచుల గోదాముకు.
లెక్కలు తీసుకపోనియ్యలే.
టిఫిను సంచిల నేను మోసిన, రోజుకొక బుక్కు.

పదకొండేండ్లకు
వడ్డెపల్లి గదిల, మంచంల ఉన్న ఆయన ముందర
ఉప్పలయ్య ఒక కాయ పెట్టిండు, మాట లేకుండ.
సారు గోటితోని చీల్చిండు.
లోపల గులాబి రంగు పురుగు
నిమ్మళంగ తింటాంది.

"గెలిచినవ్ సారు" అన్న.
నేనేదో తిట్టినట్టు చూసిండు.

కొంచెం సేపటికి నోటుబుక్కు అడిగిండు.
మొదటి పేజీల ఉప్పలయ్య ప్రశ్న కింద
ఇంకా కాలీ జాగనే.
దాన్ని తడిమి, అట్లనే వదిలిపెట్టి
గొర్ల పేజీ తీయించిండు.
"ఇది తప్పు. రాయి."
రాసిన.
సంతకం కాడ చెయ్యి వణికింది.
వేలిముద్ర పెట్టిండు,
పురుగు రంగు అంటిన వేలుతోని.