ఎండున్న చోటు

డిసెంబరు ఇరవై నాలుగు నుంచి నాలుగు రోజులు.
ఎప్పుడూ లేనిది, ఓనరే పిలిచి ఇచ్చాడు సెలవు.
పాత సరుకు సగం పైన ఖాళీ అయింది,
కొత్త కాయ యార్డు మొహం చూడటానికి ఇంకా టైముంది.

రాత్రి అన్నాలయ్యాక
కంచాలు ఎత్తకుండానే మొదలైంది పంచాయితీ.

మా నిశాంత్ ఫోను ముందుకి తోశాడు:
లంబసింగి.
గడ్డి మీద తెల్లగా ఏదో, ఉప్పు చల్లినట్టు.
"నోట్లోంచి పొగొచ్చిద్ది నాన్నా!"
హిమజ ఊటీ అంది.
దానికా పేరు పెట్టినప్పుడే అనుకోవాల్సింది.
మా అత్త కోటమ్మకి ఏ ఊరైనా ఒకటే,
బాత్రూము గదిలోనే ఉండాలి, అంతే.
నాకైతే నేను వంట చెయ్యని ఊరు ఏదైనా ఊటీయే.

ఆయన మాత్రం
కంచంలో ఎండిపోతున్న మెతుకుల్ని వేలితో పేరుస్తున్నాడు,
టిక్కీలు పేర్చినట్టు
అడ్డం రెండు, నిలువు రెండు.

"నువ్వు చెప్పు నాన్నా."
"ఎండున్న చోటికి పోదాం."

పిల్లలు పడీ పడీ నవ్వారు.
గుంటూరోళ్ళు డబ్బులు పోసి ఎండ కొనుక్కోవటమా!
అత్త కూడా నవ్వింది, పళ్ళసెట్టు ఊడకుండా పట్టుకుని.
నేనూ నవ్వబోయి ఆగాను.

పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నా.
రోహిణి కార్తెలో, తారు చెప్పుకి అంటుకునే మధ్యాహ్నం
ఊలు స్వెట్టరు చంకన పెట్టుకుని
డ్యూటీకెళ్ళే మనిషి.
వీధిలో కొత్తగా దిగినోళ్ళు ముందు పిచ్చోడనుకుంటారు,
తర్వాత ఎవరో చెప్తారు, కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా అని.

ఊరంతా పెనం మీద ఉంటే
ఆయన మూడో ఛాంబర్లో, ఆరు డిగ్రీల్లో,
వణికే అక్షరాలతో రాస్తుంటాడు:
తేజ ఇన్ని, బాడిగ ఇన్ని.
అంత కారం మధ్య చలెట్లా వేసిద్దండీ,
పెళ్ళైన కొత్తలో అడిగాను.
కారం నోటికేగా, అన్నాడు.

రాత్రిళ్ళు ఆయన పాదాలు తగిలితే
ఫ్రిజ్జులో మరిచిపోయిన దోసకాయలు.
ఎన్నోసార్లు నా కాళ్ళు పక్కకి లాక్కున్నాను.
ఎవరికీ చెప్పలేదు ఈ మాట.

"సూర్యలంక," అన్నాను.
"బాపట్ల దాకా రైలు, అక్కణ్ణుంచి ఆటో."
"టిఫిన్ అరిగే లోపు వచ్చేసిద్ది, అదీ ఒక టూరేనా?"
నిశాంత్ మొహం మాడ్చుకున్నాడు.
"ఊటీ ఛార్జీలతో మూడు పూట్లా చేపలు తినొచ్చు,"
అత్త తీర్పు చెప్పేసింది.

పదకొండు గంటల ఇసక.
కాలేది కాదు,
అన్నం గిన్నె దించిన అరగంటకి చెయ్యి ఆనించినట్టు.
ఆయన చెప్పులు విడిచి చాలాసేపు ఊరికే నిలబడ్డాడు
ఎక్కడ సంతకం పెట్టాలో తెలియనివాడిలా.
తర్వాత కూర్చున్నాడు. తర్వాత వాలాడు.
తలకింద స్వెట్టరు.
ఎందుకు తెచ్చారంటే, అలవాటు, అన్నాడు.

హిమజ ఆటగా ఆయన పాదాల మీద ఇసక పోయసాగింది.
మధ్యలో వేళ్ళు తగిలి
"అమ్మా, నాన్న కాళ్ళు" అని
మిగతాది అనలేదు.
పోస్తూనే ఉంది.
మోకాళ్ళ దాకా వచ్చేసరికి
నిశాంత్ ఫోను జేబులో పెట్టి దోసిలి పట్టాడు.
"మొహం మీద పొయ్యకండి, ఆడు ఊపిరి పీల్చుకోవాలి,"
మొక్కజొన్న గింజలు ఒలుచుకుంటూ అత్త.

ఆయనకి వినపడలేదు. గురక.
ఇంట్లో ఏనాడూ గురక పెట్టని మనిషి,
ముడుచుకుని పడుకునే మనిషి,
చేతులు రెండూ చాపి.

మళ్ళీ డ్యూటీ ఎక్కిన రోజు సాయంత్రం
స్వెట్టరు ఉతుకుతానంటే ఇవ్వలేదు.
జేబులో ఇసకుందంట.
లెక్క రాసేటప్పుడు ఎడం చెయ్యి అందులో పెట్టుకుంటాడంట.
"ఆ చలికి ఇంకా వెచ్చగా ఉంటదా ఏంటి?"
"ఉండదు," అన్నాడు,
కొక్కేనికి తగిలిస్తూ.