బంక డబ్బా

ముప్పయ్యేళ్లు టంగుటూరు వేలం కేంద్రంలో
పొగాకు బేళ్లకు చీటీలంటించాను.
మైదా ఉడకేసిన బంక, అందులో కాస్త మైలతుత్తం.
కుడిచేతి మూడువేళ్లూ ఎప్పుడూ జిగురే.
చీటీ పడని బేలు వైపు ఎవరూ చూడరు.
ఎంత పసిమి ఆకైనా సరే
గోడవార గమ్మునుండాల్సిందే.

మొన్న ఒంగోలులో రక్తపరీక్ష కాగితం ఇస్తూ
గౌసియా అడిగింది, "ఏం పని చేసేవాడివి పెదనాయనా?"
చెప్పాను.
ఆ పిల్ల నవ్వి, ఫారం వెనక
ఒక గుండ్రం గీసింది. అందులో ఇంకో గుండ్రం.

"ఇది కణం. ఈ లోపలి గదిలో నీ పుట్టుక పుస్తకం.
బయట వరండాలో ఒక ప్రోటీను కూర్చుని ఉంటుంది,
మీ చీటీ లేని బేలు మాదిరే.
కైనేజ్ అని ఒకడొచ్చి
దాని ఒంటికి ఫాస్ఫేటు చీటీ అంటిస్తాడు.
అంతే, లేచి జతను వెతుక్కుని
రెండూ కలిసి లోపలి గదిలోకి పోయి
సరిగ్గా తమ పేజీ మీద కూర్చుంటాయి.
అప్పుడు మొదలవుతుంది ఆ పేజీకి నకలు తీయడం."

అంత చిన్న చీటీకేనా?
"అంత చిన్నదే. అగ్గిపెట్టె పక్కన గీస్తామే,
ఆ పట్టీలో ఉండే భాస్వరమే."

నాకు ఒకటే అనుమానం.
మరి పీకేవాడెవరు?
మా దగ్గర ఆ పని మాలకొండయ్యది.
సాయంత్రం నీళ్లు చల్లి
అమ్ముడుపోని బేళ్ల చీటీలు గోకేవాడు,
గోనెపట్టా చిరగకుండా.
ఆయన రాని రోజు
నిన్నటి నంబరు మీద ఇవాల్టి నంబరు పడి
లెక్కలన్నీ తిరగబడేవి.

గౌసియా పెన్ను ఆగింది.
పీకేవాళ్లున్నారంది.
నీ నెత్తురులో అంటించేవాడికే సెలవు లేదంది.
రాత్రీ పగలూ చీటీలు, రాత్రీ పగలూ నకళ్లు,
అక్కర్లేని తెల్లకణాలు
సింగరకొండ తిరనాళ్ల జనంలా.

రోజుకొక మాత్ర, అన్నం తిన్నాక.
అది వాణ్ణి చంపదట, చెయ్యి విరవదట.
వాడు బంక డబ్బా పెట్టుకునే గూట్లో
తను పోయి కూర్చుంటుందట.

రాత్రి మాత్ర మింగి
వేళ్లు చూసుకున్నాను.
లోపలెక్కడో
ఒకడు గూడు తడుముకుంటున్నాడు
డబ్బా చేతికందక.

పని తెలిసినవాడు. పాపం అనిపించింది.
గమ్మునుండు అబ్బయా, అన్నాను,
కాసేపు గమ్మునుండు.