లెక్కకు రాని నెలలు

సొహార్‌లో మే నెల.
రాత్రి పదకొండైనా గోడ ముట్టుకుంటే
జ్వరమొచ్చిన ఒళ్ళులా ఉంది.
ఏసీ కారే చోట బకెట్టు పెట్టుకుని
ఆ చుక్కల లయకి చదువుతోంది నవనీత:
"రోగికి ఊపిరి అందుతలేదు. మొదలు ఏం జేస్తవ్?
ఏ, డాక్టర్ని పిలుస్త.
బి, ఇంటోళ్ళకు చెప్త.
సి, తలదిక్కు మంచం లేపుత.
డి, రిపోర్టు రాస్త."
ఆ పుస్తకంలో ఎప్పుడూ మొదలే అడుగుతారు.
తరవాత ఆ రోగి ఏమయ్యాడో
ఏ పేజీలోనూ ఉండదు.

పదకొండున్నరకి కెజియా వస్తుంది,
సాంబ్రాణీ బామూ కలిసిన వాసనతో.
మూడు వీధులవతల ఒక ముసలమ్మ,
కుడివైపు పడిపోయిన మనిషి.
పదిహేడు నెలలుగా రెండు గంటలకోసారి
పక్కకి తిప్పుతోంది కెజియా.
ఆ వీపు మీద శనగగింజంత పుండు లేదు.
ఆ వీపుని అప్‌లోడ్ చెయ్యడానికి
ఏ వెబ్‌సైట్లోనూ చోటు లేదు.
వీసా మీద "ఇంటి పని" అని ఉంది.
అనుభవమంటే లెటర్‌హెడ్డు,
పడకలెన్నో అంకె,
గుండ్రటి ముద్ర.

పోయిన నెల ఫోన్ చేసింది,
"అక్కా, అమ్మమ్మకి ఆయాసం" అని.
"డాక్టరు... అంబులెన్సు..." నేనింకా నములుతుండగానే
వెనక నుంచి నవనీత అరిచింది,
"లేపి కూసోబెట్టు! సి! సి!"
లేపడానికి ఆ మంచానికి మర లేదు.
కెజియా తనే ఎక్కి, గోడకి ఆనుకుని,
ఆ వీపుని తన ఛాతీకి ఆన్చుకుని కూర్చుంది
బయట సైరన్ వినిపించేదాకా.
ముసలమ్మ బతికింది.
కూతురు నవనీతకి కూడా ఖర్జూరాలు పంపింది.

ఇవాళ ఇద్దరూ నన్ను పట్టుకున్నారు.
"నువ్వు చెప్పక్కా, పరీక్ష ముంగల రాయాల్నా,
ఇంటికి వోయి రెండేండ్లు జేసి రావాల్నా?"
"కాకినాడలో తొమ్మిది వేలిస్తారంట,
హాస్టలుకే ఐదు పోద్ది" అంది కెజియా.
ఫీజు కట్టడానికి పదకొండు రోజులుంది.
నవనీత విజిట్ వీసాకి పంతొమ్మిది.

పప్పు దించుతూ, "ఉప్పు చూడు" అన్నాను.

నా పెట్టె అడుగున, కవర్లో,
రెండేళ్ళ సర్టిఫికెట్ ఒకటుంది.
అందులో పదకొండు నెలలు నిజం.
మిగతా పదమూడూ నా చెవి దిద్దులు.
నర్సింగ్ హోమ్ మేనేజరు ముద్ర కొట్టి,
తడి ఆరేదాకా నోటితో ఊది ఇచ్చాడు.

ఇక్కడికొచ్చిన మొదటి వారం
ఒక పసివాడి చేతిలో మూడుసార్లు నరం తప్పాను.
వాళ్ళమ్మ ఒక్క మాట అనలేదు.
అరబీ రాదు కాబట్టి
అనలేదనుకున్నానేమో తెలీదు.
నాలుగోసారి సూది ఇంకో సిస్టర్‌కి ఇచ్చేసి
స్టోర్‌రూమ్‌లో గ్లవ్స్ డబ్బాలు లెక్కపెట్టాను.
ఆ మూడు పోట్లూ ఏ నెలల ఖాతాలోవో
నాకే తెలుసు.

తొమ్మిదేళ్ళైంది.
ఇప్పుడు నరం చీకట్లో కూడా
నానిన సేమియాలా వేలికి తగులుతుంది.
అయినా పసిపిల్లల వార్డులో డ్యూటీ పడితే
ఒక గంట ముందే వెళ్తాను.
పదమూడు నెలల అప్పు
ఎంత కట్టానో, ఇంకెంతుందో
రసీదు ఇచ్చేవాళ్ళు లేరు.

ఇదంతా వీళ్ళకి చెప్తే
పరీక్ష రాయమన్నట్టా? ఆగమన్నట్టా?
లేక దిద్దులు అమ్మే దారి చూపించినట్టా?

"ఉప్పు సరిపోయింది" అంది నవనీత.
మళ్ళీ పుస్తకం తెరిచింది.

తెల్లవారుజామున రెండింటికి
కెజియా నిద్రలోనే లేచి కూర్చుంది.
ఒక అరచెయ్యి నా భుజం కింద,
ఒకటి నడుం కింద.
ఏ చోట ఎంత బరువు పెట్టాలో తెలిసిన చేతులు.
"అమ్మమ్మా, కొంచెం" అంది.
కాదని చెప్పలేదు.
మెల్లగా అటు తిరిగి పడుకున్నాను.