వంతు

జీడిపిక్కలు కొట్టే పని నాది,
కాశీబుగ్గ దాటేక రైలుగేటు పక్కన.
బూడిద రుద్దినా ఆముదం రాసినా
చేతుల నలుపు మూడు రోజులు దిగదు.
ఆ రసం తగిల్తే పసిచర్మం పొక్కిపోద్ది.
అందుకే
మా గుంటకి నేను నేర్పిన మొదటి మాట
"ముట్టకు".

మూడో ఏడు రాగానే
అంగన్‌వాడీలో దింపేను.
గుమ్మం కమ్మీ పట్టుకుని ఒకటే ఏడుపు.
ఆయా నీలవేణమ్మ ఎత్తుకోబోతే
"ముట్టకు" అంది.
నా మాటే. నా గొంతుతోనే.
సైకిలు తిప్పుకుని
ఎనక్కి చూడకుండా వచ్చేను.
ఆ రోజు నా చేతిలో
పప్పు సగం ముక్కలైపోయింది,
మేస్త్రీ కూలి కోసేడు.

తొలివారం ఎవరినో కరిచింది.
మలివారం దాన్నెవరో కరిచేరు.
దమయంతి టీచరు తిట్టలేదట,
కరిచిన చోట
కరిచినోళ్ళ చేతే "ఉఫ్" అని ఊదించిందట.
ఇదేం సదువే అని మా అత్త నవ్వింది.
నేనూ నవ్వేను.

అక్కడ మూడుచక్రాల బండి ఒక్కటే,
పిల్లలు పదహారు మంది.
గుమ్మం కాణ్ణించి నీళ్ళడ్రమ్ము దాకా తొక్కి
దిగిపోవాలి.
తొక్కడం ఒక్క పూటలో వచ్చీసింది మా మోక్షితకి.
దిగడానికి
నెల పట్టింది.

ఒడిశా నించి పనికొచ్చినోళ్ళ పిల్ల, కుని.
తెలుగు ముక్క రాదు.
ఉడికిన గుడ్డు గుప్పెట్లో పట్టుకుని
తినకుండా ఏడిచేదట రోజూ.
మాది దూరం నించే చూసేదట.
ఒకనాడు లేచెళ్ళి పక్కన కూకుంది.
ఏమీ అనలేదు, ఏమనాలో తెలిస్తే కదా.
తన గుడ్డుతో
ఆ గుడ్డుని టక్కుమని కొట్టింది.
రెండు పెంకులూ పగిలేయి.
అంతే,
నీలవేణమ్మ ఈ కథ నాకు మూడుసార్లు చెప్పింది.

మొన్న రాత్రి ఇంట్లో మాటా మాటా పెరిగి
ఆయన బయటికెళ్ళిపోయేడు.
పొయ్యి కాడ కూకున్నాను.
ఏడుపొస్తే కళ్ళు తుడుచుకోడానికి
నా చేతులు నాకే పనికిరావు,
జీడి.

మోక్షిత వచ్చింది.
గౌను అంచు ఎత్తి
నా కళ్ళు ఒత్తింది.
"కాందొ నాయి" అంది.
అదేటే? అన్నాను.
"ఏడవకు అని. కుని మాట."
ముట్టకే, జీడి, అంటున్నాను నేనింకా.

ముట్టలేదు.
నా వేళ్ళకి జానెడు దూరంలో మూతి పెట్టి
ఒక్కో వేలికీ ఊదింది, ఉఫ్, ఉఫ్.
లెక్క తప్పి
బొటనవేలికి రెండుసార్లు.

ఆపైన నా ఒడిలోంచి
బండి దిగినట్టు దిగి
పిల్లిపిల్ల కాడికి పోయింది.

నా వంతు అయిపోయింది కాబోలు.