క్లెయిము ఏడు

ఆర్లింగ్టన్‌లో ఎనిమిదో అంతస్తు.
నా బల్లకి ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ.
అందులో కూర్చునేవాడికి పేరు లేదు,
చట్టం అతన్ని సామాన్య నిపుణుడు అంటుంది.
ఫొటో రసాయనం మీద అచ్చయిన ప్రతి కాగితమూ చదివాడు,
జర్మన్‌లోవీ, జపానీస్‌లోవీ కూడా.
కొత్త ఆలోచన మాత్రం ఒక్కటీ రాదు, పాపం.
పదకొండేళ్లుగా అతన్నే అడుగుతున్నాను:
ఇది నీకు తట్టేదా?

నవంబరులో రాచెస్టర్ నుంచి ఒక దరఖాస్తు.
పసుపు రంగు కప్లర్.
పాత అణువులో మిథైల్ తీసి ఈథైల్ పెట్టాడు,
అంతే.
ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు ఎక్కువ.
బెల్జియం వాడి పేటెంటు నాలుగో పేజీ అడుగున
ఈథైలూ వాడవచ్చని ఎప్పుడో నోరు జారింది.
పైగా ఇతని సొంత పేటెంటే, ఐదేళ్ల కిందటిది,
చిన్న ఆల్కైల్ ఏదైనా నాదేనని
చేతులు బార్లా చాచుకుని కూర్చుంది.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు,
ఇతను ఒక్క కత్తికి రెండు ఒరలు అడుగుతున్నాడు.
రెండు తిరస్కారాలూ టైపు చేసి పంపాను.

మార్చిలో మనిషే వచ్చాడు, కాసిమీర్ డ్రోజ్డ్.
డెవలపర్ మరకలతో గోధుమరంగు గోళ్లు.
లాయరు మాట్లాడుతూనే ఉన్నాడు,
ఇతను కవరు విప్పాడు.
ఒకే నెగటివ్, రెండు ప్రింట్లు:
జెనెసీ నది గట్టున రెయిన్‌కోటులో ఒకావిడ.
పద్నాలుగు నెలలు దక్షిణం కిటికీలో ఉంచాడట.
ఒకదాంట్లో కోటు విరిగిన పాల తేటలా వెలిసింది.
రెండోదాంట్లో
నిమ్మపండు, అప్పుడే కోసినట్టు.

"ప్రొపైల్ పెడితే?"
"వెలిసింది. బ్యూటైల్ ఇంకా ముందే."
"మరి ఈథైలే ఎందుకు?"
"తెలీదు," అన్నాడు.
లాయరు అతని మోకాలు తట్టాడు.

ఖాళీ కుర్చీలోంచి వినిపించింది: ఓస్, ఇంతేనా.
పొడుపుకథ విప్పాక అందరూ అనేదే అది.
విప్పకముందు, ఆ పద్నాలుగు నెలలూ,
నువ్వే కిటికీ దగ్గర నిలబడ్డావు?
జవాబు లేదు.

పరచుకున్న ఆరింటినీ కొట్టేశాను.
క్లెయిము ఏడు, ఒక్క ఈథైల్, ఇచ్చాను.
ఐదేళ్లు వెనక పుట్టినా
అన్న పోయిన రోజే తమ్ముడూ పోతాడని
లాయరు సంతకం పెట్టాడు, పెన్ను అప్పడిగి.

తలుపు దగ్గర డ్రోజ్డ్ ఆగాడు.
"ఆ బాగున్న ఫొటో ఇస్తారా? మా ఆవిడ అడుగుతోంది."
ఇవ్వకూడదు. అది సాక్ష్యం.

రెండింటినీ ఒకదాని మీదొకటి పెట్టి
ఫైలు కట్టి అర మూశాను.
వెలుతురుకి ఓర్చుకుందని మంజూరైన పసుపు
ఇక వెలుతురు చూడదు.
ఏది నిలిచేదో, ఏది వెలిసేదో
ఆ చీకట్లో
రెండూ ఒకటే.