ఇరవై మూడున్నర

జాకెట్లు కొలిచే టేపుతోనే
వంటింటి వాకిలి కొలిచినా.
ఇరవై మూడున్నర అంగుళాలు.
మళ్లీ కొలిచినా, గోడ ఏమన్నా జరుగుతుందేమోనని.
అదే ఇరవై మూడున్నర.

పాత ఫ్రిజ్ ఉపాసాల నెల నడుమ సచ్చింది.
రోజా ఇడిసే యాళకు రెండు ఎక్కిళ్లు పెట్టి
గమ్మునైపోయింది.
"గ్యాసు పోయింది, కంప్రెసర్ పోయింది,
పెడితే మీ దుడ్లూ పోతాయి" అన్నాడు
మెకానిక్ ఓబులేసు, చేతులు తుడుచుకుంటా.

అత్త ఇన్సులిన్ సీసాలు
పక్కింటి భాగ్యమ్మ ఫ్రిజ్‌లో దాచినాం.
పూటపూటకూ పోయి తలుపు కొట్టాలంటే
నాకు తల కొట్టేసినట్లుంటుంది.
ఆమె ఏమీ అనదు. అదే కష్టం.

చీరకు కుచ్చులు కడితే నూరు రూపాయలు.
నూట అరవై చీరలు.
నా లెక్కలో ఫ్రిజ్ అంటే అంత.

టవర్ క్లాక్ కాడ షోరూముకు నలుగురం పోయినాం.
బయట నలభై మూడు డిగ్రీలు,
లోపల అత్త కొంగు నిండా కప్పుకుంది.
"ఎన్ని లీటర్లు కావాలక్కా?" అన్నాడు పిల్లోడు.
లీటర్లంటే నాకు పాలు తెలుసు, కిర్సనాయిలు తెలుసు.
మా ఇల్లు ఎన్ని లీటర్లో ఎవరు కొలిచినారు?

మూడు స్టార్లది ధర తక్కువంట,
ఐదు స్టార్లది కరెంటు తక్కువ తాగుతుందంట.
మా ఆయన నాలుగు స్టార్లది యాడుందని అడిగినాడు.
కక్కలపల్లి మండీకి టమేటా తోలే మనిషి,
కూరగాయల డబ్బా బయటికి లాగి
అట్లే పట్టుకోని నిలబడినాడు.
ధర పడిపోయి దారెమ్మట పారబోసిన పొద్దు
గుర్తుకొచ్చిందేమో.
అన్ని లీటర్లది ఎవరూ చెయ్యరు.

రిజ్వానా ప్రతి తలుపూ తెరిచి, మెల్లగా మూసి,
సందులో కన్ను పెట్టి చూస్తాంది,
లోపల లైటు నిజంగా ఆరుతుందా అని.
దానికి ఎర్రది కావాల, రెండు తలుపులది.
టేపు పెట్టినా. ఇరవై నాలుగు.
అర అంగుళం!
జాకెట్టయితే కుట్టు విప్పి వదులు చేద్దును.
గోడకు కుట్లు యాడుంటాయి?

అప్పుడడిగింది అత్త,
"దీనికి తాళం ఉండాదా నాయనా?"
"ఇప్పుడు దేనికీ తాళాలు రావు జేజీ."

పాతదానికి ఉండేది.
నేను కొత్తకోడలుగా వచ్చిన కాలంలో
ఆ చెవి అత్త మొలతాడుకు ఉండేది.
మీగడకు అడగాల, మామిడిపండుకు అడగాల,
సల్లనీళ్లకు కూడా.
కడుపుతో ఉన్నప్పుడు ఒక నడిరాత్రి
దాని పక్కకు చెంప ఆనించి నిలబడినా.
ఫ్రిజ్ బయట వెచ్చగా ఉంటుందని
ఆ రాత్రే తెలిసింది.

"ఇంకా తాళం యాల అత్తా?"
"నాకోసరమే. రాత్రిపూట లేచి పాయసం తాగుతాండా.
నీకు తెలీదు. చెవి నువ్వు పెట్టుకో."
తెలీకపోవడమేంది,
పొద్దున సింకులో గరిటె చెప్తాంది కదా.
అయినా మాట రాలేదు.
టేపు చుట్టినా, విప్పినా, చుట్టినా.

ఒంటి తలుపుది తీసుకున్నాం, బూడిద రంగుది.
ఇరవై ఒకటి.
బిల్లు మీద దూదేకుల లాల్‌బీ అని
నా పేరే రాయించినాడు ఆయన.
రిజ్వానా ఆటోలో మాట్లాడలేదు.

భాగ్యమ్మ ఇంటి నుంచి సీసాలు తెచ్చుకున్నాం,
ఒక గిన్నె సేమ్యా ఇచ్చి.
పాత ఫ్రిజ్ పాతసామాన్లోడు ఎత్తుకుపోయినాడు.
చెవి అడగలేదు వాడు.
అది నా దారాల డబ్బాలో ఉండాది,
ఎర్ర పట్టుదారం కింద.

రాత్రి ముందు అరలో
ఉప్పేసిన మజ్జిగ గ్లాసు పెట్టి పండుకున్నా.
రెండు గంటలకు వంటింట్లో వెలుతురు.
గోడ మీద అత్త నీడ, కదలకుండా.
ఎంతసేపటికీ తలుపు పడిన సప్పుడు రాలేదు.
కరెంటు బిల్లు గుర్తుకొచ్చింది.
పోనీలే అని
అటు తిరిగి పండుకున్నా.