రొయ్యను దాటించిన రోజు

చెయ్యి చాపితే చాలు
తోక మడిచి వెనక్కి ఎగురుతుంది.
అందుకే ఆ పేరు.
ఏడెకరాల చెరువు మీద నాలుగేళ్లు
నాతోపాటు కాపలా ఉంది గానీ
దాని తల మీద నా చెయ్యి పడింది రెండే సార్లు,
రెండుసార్లూ దానికి జ్వరమే.

తల్లి మొగల్తూరు రోడ్డు మీది ఊరకుక్క.
తండ్రి ఎవరి వేటకుక్కో, చూసినవాళ్లు లేరు.
ఆ పొడుగు కాళ్లూ, లోపలికి పీక్కుపోయిన డొక్కా
ఆయనగారిచ్చిన ఆస్తే అయ్యుండాలి.
ఒక చెవి నిలబడుతుంది, ఇంకోటి మడత.
నీటికాకి రెక్క విప్పేలోపు
ఈ గట్టు మీంచి ఆ గట్టుకి
మధ్యన బోదె ఉన్నట్టు కాళ్లకి తెలియనివ్వకుండా
దూకేది.
టపాకాయల ఖర్చు మిగిలిందని షావుకారు నవ్వేవాడు.

లీజు అయిపోయింది.
చెరువు పూడ్చి ప్లాట్లు వేస్తారట.
నాకు భీమవరం ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ,
పడుకోడానికి మేడమెట్ల కింద గది.
పరిగెత్తేదాన్ని మెట్ల కింద ఎలా పెట్టను?

చూడ్డానికి వచ్చారు కొందరు.
పాలకొల్లు మిల్లాయన: "అరవదేంటయ్యా?"
టీచరు గారి పిల్లలు: "ఎత్తుకోనివ్వదేంటి?"
ఒకాయన చెప్పులు వేసుకుంటూ అన్నాడు
"నాలుగేళ్లదట. ఇంకేం మరుగుతుందిలే."
ఇంజను షెడ్డు వెనకాల
గోడలో గోడై నిలబడి
అది అంతా వింది.

చివరికి అవతలి ఒడ్డు నించి ఫోను.
దిడ్ల సువార్త. కానిస్టేబులు సెలక్షన్లకి
తెల్లారుజామున ఏటిగట్టు మీద పరిగెడుతుందట.
"ఒక్కదాన్నే అండి. చీకట్లో తాగుబోతులుంటారు.
అరవకపోయినా పర్లేదు, పక్కన ఉంటే చాలు."

నరసాపురం రేవులో పంటు ఎక్కించాను.
ఇనుప నేల మీద గోళ్లు టకటకలాడాయి.
మోటారుసైకిళ్ల మధ్య దూరి వణికింది,
ఎదురుగా చేపల గంపలున్నా ముక్కు ఎత్తలేదు.
"కుక్కకి ఫ్రీ అండి" అన్నాడు టిక్కెట్టు కుర్రాడు.
అంతలో ఇంజను అందుకుంది,
అచ్చం మా చెరువు మీది డీజిలింజనే,
అదే దగ్గు, అదే దమ్ము.
నడి వశిష్ఠలో
మొట్టమొదటిసారి నా కాలికి ఆనుకుని కూర్చుంది.
ఇప్పుడా, రొయ్యా?
నాలుగేళ్లూ ఏం చేశావే?

సఖినేటిపల్లి రేవులో ఆ పిల్ల
కాన్వాసు బూట్లతో, జడ బిగించి నిలబడింది.
కాగితం మీద రాసుకెళ్లినవి
నా గీతలు నాకే అర్థంకాక నోటితో చెప్పాను.
పిలవకమ్మా. కళ్లలోకి చూడకు.
అన్నంలో ఎండు నెత్తళ్లు కలిపి పెట్టి, వీపు తిప్పేయ్.
గొడుగు విప్పితే పారిపోతుంది, ఎందుకో నాకూ తెలీదు.
దీపావళికి కట్టెయ్యకు, మంచం కింద చోటివ్వు.
ఆయ్, ఆయ్ అంటూ విన్నది.
తాడు చేతికివ్వబోతే తీసుకోలేదు.
"కిందెట్టండి.
అది చూస్తుండగా నేనే తీసుకుంటాను."

తిరుగు పంటులో అదే కుర్రాడు
"కుక్కేదండీ?" అన్నాడు.
చిల్లర వెతుక్కున్నాను.

మూడో రోజు ఫోను: తిన్లేదండి.
ఆరో రోజు: తిందండి, నేను చూడనప్పుడు.
పన్నెండో రోజు:
గట్టు మీద నేను, గట్టు కింద అరటితోటలో అది.
పక్కన కాదు గానీ, వస్తుందండి.
బోదె ఉన్నచోట చప్పుడు ఆగుతుంది,
ఒకటి అనేలోపు అవతల ఆకులు కదులుతాయి.
నా టైము పదకొండు సెకన్లు తగ్గిందండి.

ఈవేళ తెల్లారి, డ్యూటీ దిగబోతుండగా
మళ్లీ ఫోను, గుసగుసగా:
"మెట్టు మీద కూచుని లేసులు విప్పుకుంటున్నానండి.
వీపుకి ఏదో తడిగా తగిలింది.
నేను తిరగలేదు.
ఇంకా అక్కడే ఉందండి."

దిమ్మల మీద చల్లాల్సిన ఊక
గుప్పిట్లో అలాగే పట్టుకుని
నేనూ కదల్లేదు.